పాత ఫ్యాన్ మ్యాగజైన్ల సేకరణ సంఘం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కొత్త సంచికలు కొనడం కన్నా, ఉన్నవాటిని విప్పి చూడడమే ఎక్కువ జరిగింది. పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన, సభ్యుల దగ్గరున్న సంచికల ఉమ్మడి జాబితా పని మొదలైంది. ముఖచిత్రం, తేదీ రాసుకుంటే సరిపోదని మొదటి కట్ట విప్పగానే అర్థమైంది.

‘టీవీ గైడ్’ సంగతే చూడండి. 1953 ఏప్రిల్ 3న నటి లూసిల్ బాల్‌కు పుట్టిన పసిబిడ్డ ఫొటోతో అమెరికా అంతటా వెలువడిన ఆ పత్రికకు ప్రాంతానికో ఎడిషన్ ఉండేది. అట్ట ఒకటే, లోపలి కార్యక్రమాల పట్టిక వేరు. అందుకే జాబితాలో ఎడిషన్ పేరుకు విడిగా గడి పెట్టాం. అమెరికా టీనేజీ పత్రిక ‘టైగర్ బీట్’ 1965లో ‘లాయిడ్ థాక్స్‌టన్స్ టైగర్ బీట్’గా మొదలైంది. టీవీ వ్యాఖ్యాత లాయిడ్ థాక్స్‌టన్ పేరు తర్వాత తీసేశారు. దాన్ని ‘ల’ కింద చేర్చాలా, ‘ట’ కింద చేర్చాలా అన్న వాదనకే ఒక సమావేశం సరిపోయింది. చివరికి ‘ట’ నెగ్గింది.

బ్రిటిష్ సంగీత బృందం బీటిల్స్ గురించిన మాసపత్రిక ‘బీటిల్స్ బుక్’ కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. 1963 ఆగస్టు నుంచి 1969 డిసెంబరు దాకా వచ్చినవి 77 సంచికలు. 1976 నుంచి వాటినే మళ్లీ అచ్చువేసి, పైన కొత్త పేజీలు చుట్టి అమ్మారు. ఆ పై పేజీలు ఊడదీస్తే మిగిలేది అచ్చం పాతదానిలాగే ఉంటుంది. అసలుదని రూఢిగా తెలిసిన ప్రతిని పక్కన పెట్టుకుని పోల్చిచూడకుండా డబ్బు ఇవ్వకండి.

తనిఖీలో చాలా సంచికలకు నడిమి పేజీ లేదు. వింతేముంది, ఆ పోస్టరు వేసిందే గోడకు అంటించుకోవడానికి! ఒక సభ్యురాలు తెచ్చిన 1960ల నాటి అమెరికా టీనేజీ పత్రిక ‘సిక్స్‌టీన్’లో ఎవరో పోటీ కూపన్ కత్తిరించుకున్నారు. వెనకవైపు ఇంటర్వ్యూలో ప్రశ్న మిగిలింది, జవాబు కూపన్‌తో పాటే పోయింది. అంచున పెన్సిల్‌తో గాయకుల పేర్లు, అందులో రెండు కొట్టివేతలు. 1958 నుంచి 1975 వరకు గ్లోరియా స్టేవర్స్ సంపాదకత్వంలో నడిచిన ఆ పత్రికను అమ్మాయిలు ఎలా చదివారో ఇలాంటి ప్రతే చెబుతుంది. మడత నలగని ప్రతిలో ఆ ఊసే ఉండదు. కాబట్టి వీటినీ జాబితాలో చేర్చాలని కార్యవర్గం నిర్ణయించింది. ధర సంగతి వేరు. పేజీలు లేని సంచికను ఆ మాట చెప్పకుండా మార్పిడికి పెట్టకూడదని నియమం తెచ్చాం.

భద్రపరచడంపై జరిగిన శిక్షణకు హాజరు బాగుంది. రానివారి కోసం క్లుప్తంగా: చవక న్యూస్‌ప్రింట్‌లో చెక్క నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు పసుపెక్కుతుంది, కాగితం పెళుసవుతుంది. పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ వాడండి. చిరుగులకు సెలోటేప్ అసలే అంటించవద్దు.

స్కాన్ చేసి అందరికీ పంచుదామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాం. 1964 నుంచి 1977 వరకు కాపీరైట్ నోటీసుతో అమెరికాలో అచ్చయిన సంచికలకు 95 ఏళ్ల హక్కు ఉంటుంది. సొంత ప్రతి అట్ట, విషయసూచిక ఫొటోలు జాబితా పనికి చాలు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది బ్రిటిష్ పాప్ సంగీత పత్రిక ‘స్మాష్ హిట్స్’ (1978–2006) వంతు. పాటల పేజీలు కత్తిరించిన ప్రతులైనా సరే, వివరాలు రాసి పంపండి. తనిఖీ ఫారాలు నా దగ్గరున్నాయి.

– కార్యదర్శి