99 ఏపీఓ ఏ ఊరు?

విశాఖపట్నం
నవంబరు 4

ఒరేయ్ మౌనస్వామీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లైందో, జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. పెద్దాడి గృహప్రవేశం, నా కంటి ఆపరేషను, లైఫ్ సర్టిఫికెట్ హడావిడి, వీటితోనే సరిపోయింది. అందరం బాగున్నాం. ఆ సంగతులు వదిలెయ్. నీకు ఒకటి చెప్పాలి, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన ఆర్మీ ఇంటెలిజెన్స్ కోర్‌లో చేసి రిటైరైన వాళ్లమంతా ఒక సంఘం పెడదామనుకుంటున్నాం అని పోయినసారి రాశాగా. కోర్ డే కలిసొస్తుందని నవంబరు 1నే మొదటి మీటింగ్ పెట్టాం. హాలు వాడికి అదేం తెలుసు? ఆ తారీఖు చూడగానే 1956 గుర్తొచ్చి, తెలుగుతల్లి ఫోటో పెట్టి మామిడి తోరణాలు కట్టేశాడు. మాది 1942 నాటి పుట్టినరోజు నాయనా అని చెప్పబోతే సుబేదార్ సాబ్ నా మోచెయ్యి గిల్లాడు, "వాడికెందుకు" అని. పుట్టినరోజు కూడా రహస్యమేరా! తెలుగుతల్లికే దండ వేసి కూర్చున్నాం.

ఇక ఫారాలు. పేరు, ర్యాంకు, ఫోన్ నంబరు దాకా బాగానే రాశారు. "పనిచేసిన చోట్లు" అన్న గడి దగ్గర అందరి పెన్నులూ ఆగిపోయాయి. ఒకాయన "భారతదేశం" అని రాశాడు. ఇంకొకాయన "వివిధ" అన్నాడు. మన ఇడ్లీ కేసు ముద్దాయి పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి, తన గడి మొత్తం కొట్టేశాడు. వాడు మారడు.

తర్వాత రచ్చ. సర్వీసులో ఉన్న కుర్రాడొకడు సెలవు మీద వచ్చి, నన్నూ చేర్చుకోండి అన్నాడు. సుబేదార్ సాబ్ సంచిలోంచి 1954 ఆర్మీ రూల్స్ పుస్తకం తీసి పందొమ్మిదో రూలు చదివాడు. సర్కారు అనుమతి లేకుండా సర్వీసువాడు బయటి సంఘాల్లో చేరకూడదు. ఆటపాటలకో, భక్తికో అయితే ముందుగా పై అధికారి అనుమతి తీసుకుంటే చాలు. వెంటనే వెనకనుంచి ఒకడు "అయితే భజన సమాజం అని రిజిస్టర్ చేద్దాం" అన్నాడు. సగం మంది సీరియస్‌గానే ఆలోచించారు! చివరికి కుర్రాడికి భోజనం ఉంటుంది, సభ్యత్వం ఉండదు అని తేల్చారు. నాకూ అదే సబబనిపించింది, మన ముచ్చట కోసం వాడి ఉద్యోగం ఎందుకు ఇబ్బందిలో పడాలి. వాడేమీ చిన్నబుచ్చుకోలేదు, ఫోన్లలో అమ్మాయిల పేర్లతో వచ్చే మెసేజీల గురించి ముసలాళ్లందరికీ క్లాసు పీకాడు. 2019లో నేవీ కుర్రాళ్లు ఏడుగురు ఆ వలలో పడ్డారని మన ఆంధ్రా పోలీసులు అరెస్టు చేశారు గదా, ఆ ఆపరేషన్‌కి మా ఊరి డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే పెట్టారు. ఏం... సరే, అది తర్వాత.

అసలు సంగతి ఇది కాదు.

భోజనాలకు ముందు మన పెద్దాయన భార్య వచ్చింది. అవును, ఆయనే. పోయి ఏడాది దాటిందటరా. మనకు ఎవరూ చెప్పలేదు. శ్రీకాకుళం నుంచి తమ్ముడి కొడుకుని వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. పింఛను పని. డిశ్చార్జి బుక్కులో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. అఫిడవిట్ పెట్టి పూణే రికార్డు ఆఫీసుకి రాయాలి, నేను చూసుకుంటాను.

కాగితాలు తీస్తూ తీస్తూ సంచి అడుగునుంచి ఇన్‌లాండ్ కవర్ల కట్ట తీసింది. పాత చీర అంచు చింపి కట్టిన కట్ట. ఆయన ఆవిడకి రాసినవి. పైదాని మీద పంపినవారి అడ్రసు వేలుతో చూపించి, "బాబూ, ఈ తొంభై తొమ్మిది ఏపీఓ అన్న ఊరు ఎక్కడుంది? ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవారు. ఒకసారి వెళ్లి చూసి రావాలని ఉంది" అంది.

ఏం చెప్పమంటావు? అది ఊరు కాదు వదినా, ఆర్మీ పోస్టాఫీసు నంబరు, తూర్పు వైపు యూనిట్ల ఉత్తరాలన్నిటికీ అదే అడ్రసు, కలకత్తాలో వేరుచేసి పంపుతారు అన్నాను.

"అయితే నేను రాసినవన్నీ కలకత్తా పోయాయా?"

"లేదు, ఆయనకే చేరాయి."

"మరి ఆయన ఎక్కడున్నారు?"

అందరూ సుబేదార్ సాబ్ వైపు చూశారు. ఆయన పెదవి విప్పలేదు. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇన్నేళ్లు దాటితే చెప్పుకోవచ్చని అందులో లేదు, నాకూ తెలుసు. కానీ ఎప్పటి డ్యూటీ అది, అడిగేది ఆయన పెళ్లాం...

పని జోలికి పోలేదులే. జలగల గురించి చెప్పాను. సాక్సుల మీద ఉప్పు రాసుకుని నడిచింది చెప్పాను. చింతపండు దొరక్క పెద్దాయన ఏవో అడవి కాయలు పిండి పులిహోర కలిపింది, అది తిని నువ్వు రాత్రంతా బయటే కూర్చున్నది కూడా చెప్పేశాను, ఏమనుకోకు. ఆవిడ పడీపడీ నవ్వింది. "ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తీసినవారు కాదు, పులిహోర కలిపారా!" అని. అప్పుడు ఇడ్లీ ముద్దాయి నోరు తెరిచాడు. ఆవిడ ఉత్తరం వస్తే పెద్దాయన గడ్డం గీసుకున్నాకే విప్పేవాడట. చలికి నీళ్లు గడ్డకట్టినా అంతేనట. నాకు తెలీదు. మీదొకటే టెంటు గదా, నీకు తెలుసా?

భోజనాల దగ్గర సుబేదార్ సాబ్ నన్ను పక్కకి లాగి "జలగలు కూడా లొకేషనేరా" అన్నాడు. ఒళ్లు మండింది. ఆయన ట్రైనింగ్ అది, కాదనను. ఆవిడ మళ్లీ అడిగితే మాత్రం నేను మళ్లీ చెప్తాను.

నీకు రెండు పనులు. రిజిస్ట్రేషన్‌కి ఏడుగురి సంతకాలు కావాలి, ఆరుగురే ఒప్పుకున్నారు. మిగతావాళ్లకి పేరు కాగితం మీద పడటమే భయం. ఏడోవాడివి నువ్వు. ఆధార్ జిరాక్సు, ఫోటోలు పంపు, నల్ల కళ్లద్దాలు లేకుండా. రెండోది, ఆవిడకి ఉత్తరం రాయి. అడ్రసు వెనక రాశాను. ఆ కుంటి కోడి వ్యవహారం రాస్తే చాలు, అందులో లొకేషనేమీ లేదు.

కట్టలో ఒక ఫోటో కూడా ఉందిరా, అందులో నీ పక్కన నిలబడ్డది ఎవరో చూస్తే... అయ్యో, కింద ఆటో వచ్చేసింది. మా ఆవిడ మోకాళ్లు చూపించడానికి వెళ్లాలి, అప్పుడే మెట్లు దిగి అరుస్తోంది. దారిలో డబ్బాలో వేసేస్తా.

నీ
రేడియో