టవర్ వద్దు, సిగ్నల్ మాత్రం కావాలా?
రేడియేషన్‌తో ఆరోగ్యం పాడవుతుందన్న భయంతో మా కాలనీలో సెల్ టవర్ పెట్టనివ్వకుండా అడ్డుకున్నవాళ్లే ఇప్పుడు సిగ్నల్ లేదని గోల పెడుతున్నారు. ఫోన్‌కీ టవర్‌కీ మధ్య మన మాటల్ని మోసే రేడియో తరంగాలు కూడా వెలుగులాంటి విద్యుదయస్కాంత తరంగాలే, కాకపోతే వాటి శక్తి మామూలు వెలుగు కన్నా చాలా తక్కువ, ఎక్స్‌రేల మాదిరి పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే బలం వాటికి లేదు. పైగా టవర్ దూరమయ్యేకొద్దీ చెవికి ఆనించుకున్న ఫోనే ఎక్కువ పవర్‌తో తరంగాలు పంపాల్సి వస్తుంది, ఈ సంగతి ఎవరికీ పట్టదు! మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. అయినా ఊరికే నమ్మమంటే జనం నమ్మరు కాబట్టి, టెలికాం శాఖ వాళ్లు కాలనీవాసుల ఎదుటే మీటర్‌తో కొలిచి, వచ్చిన అంకెనూ పరిమితినీ పక్కపక్కనే తెలుగులో రాసి టవర్ దగ్గర బోర్డు పెట్టాలి.
– ఒక పాఠకుడు, వరంగల్