ఇమ్జా త్సే దారిలో మమ్మల్ని ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

నేపాల్ హిమాలయాల్లో ఉన్న, ఐలండ్ పీక్ అని అందరూ పిలిచే ఇమ్జా త్సే శిఖరాన్ని ఈ అక్టోబరులో ఎక్కి, తమ్ముడితో కలిసి క్షేమంగా ఇల్లు చేరాను. అభినందనలు తెలిపిన పెద్దలకు, మిత్రులకు నమస్కారాలు. 6,189 మీటర్ల ఎత్తున, శిఖరం మీద తీసిన ఫొటోలో నేనొక్కదాన్నే కనిపిస్తున్నాను గనుక, అందులో లేనివారి గురించి చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందుగా మా తమ్ముడి ప్రాణం నిలబెట్టినవారికి. దారిలోని ఛుకుంగ్ అనే ఊరు దాటి, ఐదు వేల మీటర్లకు పైనున్న బేస్ క్యాంపుకు చేరిన రాత్రే వాడికి దగ్గు మొదలైంది. కూర్చున్నచోటే ఆయాసం వచ్చి, పెదవులు నీలంగా మారాయి. అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ప్రాణవాయువు చాలక ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుని, వాటిలో ఒత్తిడి పెరిగి, నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. మా షెర్పా గైడు వాడి వీపుకు చెవి ఆనించి విన్నారు. తెల్లవారేదాకా చూద్దామన్న మాటే రానివ్వకుండా, అప్పటికప్పుడు అందరినీ కిందికి బయలుదేరదీశారు. ఈ జబ్బుకు కిందికి దిగడమే అసలైన మందు.

నడిస్తే ఆయాసం ముదురుతుందని మా పోర్టర్లు ఇద్దరూ వంతులవారీగా వాడిని వీపున మోశారు. నుదుటికి పట్టీ బిగించుకుని, మంచు పేరుకుని జారే రాళ్లమీద, హెడ్‌ల్యాంపు వెలుతురులో అడుగును అడ్డంగా పెడుతూ దిగిన ఆ ఇద్దరిలో ఒకరు మా తమ్ముడికంటే చిన్నవారు. ఛుకుంగ్‌లో లాడ్జి నడుపుతున్న తల్లి అర్ధరాత్రి లేచి పొయ్యి రాజేసి, తమ దగ్గరున్న ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే నా చేయి పట్టుకుని వారించారు.

అక్కడికి ఇంకా దిగువనున్న ఫెరిచే అనే ఊళ్లో, 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి చికిత్సా కేంద్రం ఉంది. వసంత, శరదృతువుల్లో అక్కడ స్వచ్ఛందంగా పనిచేయడానికి డాక్టర్లు వస్తారు. వాడిని ఆక్సిజన్ మీద ఉంచి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడిని తగ్గించే నిఫెడిపిన్ మందు ఇచ్చి, రాత్రంతా పక్కనే కూర్చున్న ఆ డాక్టరమ్మకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

ప్రమాదం తప్పిందని ఆమె చెప్పాక, నన్ను శిఖరానికి వెళ్లి రమ్మని పట్టుబట్టినవాడు తమ్ముడే. గైడు రోజులు సర్దుబాటు చేసి నన్ను మళ్లీ పైకి తీసుకెళ్లారు. నేపాల్ పర్వతారోహణ సంఘం దీన్ని ట్రెక్కింగ్ శిఖరాల జాబితాలో చేర్చినా, హిమానీనదంలోని పగుళ్లమీద వేసిన నిచ్చెనలు దాటాక నిటారుగా నిలిచే మంచుగోడ కేవలం నడకతో లొంగేది కాదు. అక్కడ తాళ్లను మంచులో బిగించిన ప్రతి యాంకర్ దగ్గరా గైడు ఆగి, చలికి మొద్దుబారిన నా వేళ్లు జూమర్‌ను (తాడును పట్టుకుని పైకి మాత్రమే జరిగే పిడిని) ఒక తాడు నుంచి మరో తాడుకు సరిగా మార్చాయో లేదో చూసి, నా భద్రతా తాడును ఒకసారి లాగి పరీక్షించి గానీ ముందుకు కదలనివ్వలేదు.

తాడు, జూమర్ నాకు మొదట చేతపట్టించినవారు భువనగిరి కోట బండ మీద శిక్షణ ఇచ్చిన గురువులు. పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నదీ ఆ బండమీదే. వారికీ, మేము లేని రోజుల్లో అమ్మకు వేళకు మందులిచ్చి కనిపెట్టుకున్న పక్కింటి పిన్నిగారికీ పాదాభివందనాలు.

మా పాఠశాల ఉపాధ్యాయ మిత్రులు నాకు సన్మానం తలపెట్టినట్లు తెలిసింది. మీ ఆప్యాయతకు ధన్యురాలిని. అయితే శాలువాకు, జ్ఞాపికకు, హాలు అద్దెకు పోగుచేస్తున్న ఆ మొత్తాన్ని దయచేసి ఫెరిచే కేంద్రానికి విరాళంగా పంపుదాం. ఆ ఇద్దరు పోర్టర్లకు చలికాలపు బూట్లు, జాకెట్లు మా అక్కాతమ్ముళ్ల తరఫున వేరుగా పంపిస్తున్నాం.