డిస్‌ప్లేకు కలవని బోటు స్టీరియోపై ఫిర్యాదు

విశాఖపట్నం

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: నా బోటులో మీ సంస్థ బిగించిన మెరైన్ స్టీరియో డిస్‌ప్లే నుంచి పనిచేయకపోవడం, ఆ బిగింపు వల్ల లోతు చూపే పరికరం పనికి అంతరాయం కలగడం గురించి.

అయ్యా,

విశాఖ ఫిషింగ్ హార్బరులో కట్టి ఉంచే 28 అడుగుల ఫైబర్ బోటు నాది. పర్యాటకులను డాల్ఫిన్ నోస్ కొండ దాకా తిప్పి తీసుకురావడమే నాకూ మా బావమరిదికీ జీవనాధారం. గత నెల మీ షోరూములో 38,500 రూపాయలు చెల్లించి మీ స్టీరియోను కొన్నాను. దానిని ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్క్‌కు, అంటే బోటులోని పరికరాలన్నీ సమాచారం పంచుకునే ఉమ్మడి కేబులుకు, కలిపితే స్టీరింగు దగ్గరి డిస్‌ప్లే నుంచే పాట మార్చుకోవచ్చునని, శబ్దం తగ్గించుకోవచ్చునని పెట్టె మీద అచ్చు వేసి ఉండడమే నేను కొనడానికి కారణం. ఆ ఒక్క సౌకర్యం అక్కరలేకపోతే ఇందులో మూడో వంతు ధరకే పాటలు వినిపించే పెట్టెలు పూర్ణా మార్కెట్టు చుట్టుపక్కలే దొరుకుతాయి.

బిగించడానికి వచ్చిన మీ టెక్నీషియన్ ఒక పూటలో పని ముగించి వెళ్ళారు. రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న నా నెట్‌వర్క్‌లో అప్పటికి డిస్‌ప్లే, జీపీఎస్ యాంటెన్నా, లోతు కొలిచే సెన్సరు మాత్రమే ఉన్నాయి. ఆయన ప్రధాన కేబులు మధ్యలో ఒక టీ కనెక్టరు చేర్చి, దాని నుంచి స్టీరియోకు తీగ లాగారు. కిట్టులో ఇంకో చిన్న ముక్క మిగిలిందని దానినీ ఒక ఖాళీ కొసకు తగిలించారు. అది టెర్మినేటర్ అని, అంటే ప్రధాన కేబులు కొసల్లో సంకేతాలు వెనక్కి తిరిగి రాకుండా ఆపే నిరోధకమని, దానిని అక్కడ పెట్టకూడదని నాకు తర్వాత తెలిసింది.

మూడో రోజు సాయంత్రం పన్నెండు మంది ప్రయాణికులతో తిరిగి వస్తూ, డాల్ఫిన్ నోస్ కొండను ఎడమ చేతికి ఉంచుకొని హార్బరు వైపు మళ్ళుతుండగా, డిస్‌ప్లేలో లోతు అంకె ఉండవలసిన చోట మూడు గీతలు వచ్చాయి. కాసేపటికి అంకె కనిపించింది, మళ్ళీ పోయింది. చిన్నప్పటి నుంచీ ఈ నీళ్ళు తెలిసినవాణ్ణి కాబట్టి, ఎన్ని బారల లోతుందో అంచనా వేసుకొని జెట్టీకి చేర్చగలిగాను. వెనక సీట్లలో పిల్లలు పాటలకు చప్పట్లు కొడుతున్నారు. పాటలు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మరుసటి ఉదయం నెట్‌వర్క్‌కు కరెంటు ఆపి, కనెక్టరులో తెలుపు, నీలం తీగల పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టి చూస్తే 40 ఓములు చూపింది. ఈ నెట్‌వర్క్‌లో ప్రధాన కేబులుకు రెండు కొసల్లో, ఒక్కోటి 120 ఓముల చొప్పున, రెండే టెర్మినేటర్లు ఉండాలి; అప్పుడు మీటరు 60 ఓములకు దగ్గరగా చూపాలి. మూడు ఉంటేనే 40 వస్తుంది. నా బోటులో ఒకటి డ్యాష్‌బోర్డు కింద, రెండోది వెనక పెట్టెలో ముందు నుంచే ఉన్నాయి. కనీసం మూత తెరిచి చూసి ఉంటే మీ టెక్నీషియన్‌కు రెండోది కనిపించేది. ఆయన తగిలించినదాన్ని తీసేయగానే మీటరు 60కి వచ్చింది, లోతు అంకె ఆ తర్వాత ఇంతవరకు పోలేదు. అయిదు నిమిషాలు పట్టే ఈ కొలత తీసుకోకుండానే పని పూర్తయిందని ఆయన నా చేత సంతకం చేయించుకున్నారు.

ఇక అసలు సంగతి. తప్పు సరిచేసిన తర్వాత డిస్‌ప్లేలోని పరికరాల జాబితాలో మీ స్టీరియో పేరు కనిపిస్తోంది. అంటే తీగలు సరిగ్గానే కలిశాయి. అయినా పాటలకు సంబంధించిన పేజీ మాత్రం ఎక్కడా లేదు. ఈ కేబులులో పాట ప్రయాణించదు, పాట పేరు, శబ్దం స్థాయి, నొక్కిన బొత్తాముల ఆదేశాలు మాత్రమే ప్రయాణిస్తాయి. వాటిని అర్థం చేసుకొని తెర మీద చూపే సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేలో ఉండాలి. ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నంత మాత్రాన రెండు పరికరాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఈ ముక్క మీ కరపత్రం చివరి పేజీలో, భూతద్దం కావలసినంత చిన్న అక్షరాల్లో ఉంది. పెట్టె మీద ఎందుకు లేదు?

మీ సేవా కేంద్రానికి మూడుసార్లు ఫోను చేశాను. మొదటిసారి డిస్‌ప్లే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు, చేసుకున్నాను. రెండోసారి డిస్‌ప్లే సంస్థనే అడగమన్నారు. నా మోడలుకు ఆ పేజీ రాదని వారు రాతపూర్వకంగా తెలిపారు. మూడోసారి, బోటును వ్యాపారానికి వాడుతున్నాను కాబట్టి వారంటీ, ఫిర్యాదు రెండూ చెల్లవన్నారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును వ్యాపార ప్రయోజనం కింద లెక్కించరాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. స్టీరింగు పట్టేది నేనే, తాడు కట్టేది మా బావమరిది.

కాబట్టి స్టీరియోను వెనక్కి తీసుకొని, బిగింపు రుసుముతో సహా మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అది కుదరని పక్షంలో, అదే నెట్‌వర్క్ మీద పనిచేసే తీగ రిమోటును మీ ఖర్చుతో స్టీరింగు పక్కన అమర్చి, మల్టీమీటరు కొలతను నా ఎదుట చూపించి, రాసి ఇవ్వండి. రిమోటు అమర్చినా, ఈసారి వచ్చే టెక్నీషియన్ వెనక పెట్టె మూత తెరిచి చూసే మనిషై ఉండాలి.

బిల్లు, సంతకం చేయించుకున్న పని పత్రం, డిస్‌ప్లే సంస్థ జవాబు, మీటరు 40 చూపిన ఫొటో జతపరిచాను. పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
బోటు యజమాని, ఫిషింగ్ హార్బరు, విశాఖపట్నం