సర్వర్ డౌన్ కాగితం వెనకాల

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో "సర్వర్ డౌన్, రేపు రండి" అని కాగితం అంటిస్తే మీ పేపర్లో కూడా అదే మాట అచ్చవుతుంది, ఎందుకు డౌనైందని ఎవరూ అడగరు. నాది నల్లగొండ, స్టోరేజ్, అంటే సర్వర్ డేటా దాచుకునే డిస్కుల పెట్టెల రిపేర్లు చేస్తుంటాను కాబట్టి రాస్తున్నా.

మొన్న ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ బొమ్మలు తెరుచుకోక జనం పొద్దటి నుంచి కూర్చున్నారు. తండ్రిని తీసుకొని దేవరకొండ నుంచి బస్సులో వచ్చిన ఒకాయన నా చేతిలో బ్యాగు చూసి, ఇంకెంతసేపు సార్ అని నన్నే అడిగాడు. లోపలికెళ్లి చూస్తే సర్వర్ బాగానే ఉంది. సర్వర్‌కూ డిస్కుల పెట్టెకూ మధ్య రెండు స్విచ్‌లుంటాయి, ఒక దారి పోతే రెండోది నడవాలని.

మొదటి స్విచ్‌లో పోర్టు లైటు పచ్చగానే వెలుగుతోంది, స్విచ్‌షో అనే కమాండ్ కొడితే ఆన్‌లైన్ అంటోంది, డిస్కు మాత్రం కనబడదు. విషయమేమిటంటే ఎప్పుడో సర్వర్‌లో ఆ స్విచ్‌కు కలిపే కార్డు మార్చారు, కార్డు మారితే దాని డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే 16 అక్షరాల నంబరూ మారుతుంది, జోనులో, అంటే ఏ సర్వర్ ఏ డిస్కుల పెట్టెను చూడొచ్చో స్విచ్‌లో రాసిన జాబితాలో, ఉన్నది పాత నంబరు. రేషన్ కార్డులో పేరెక్కని కొత్త కోడలు ఇంట్లో ఉన్నా ఆమె వంతు బియ్యం రావు కదా, అట్లా అన్నమాట. కొత్త నంబరు ఎక్కించారు కూడా, కానీ సీఎఫ్‌జీసేవ్ కొట్టి చేతులు దులుపుకున్నారు. సేవ్ అంటే రాసిపెట్టుకోవడమే, సీఎఫ్‌జీఎనేబుల్ కొడితేనే అమల్లోకి వస్తుంది.

అంటే ఇన్నాళ్లూ ఆసుపత్రి ఒంటికాలి మీద నడిచింది, ఎవరికీ తెలియదు.

ఆ రెండో దారిలో తప్పుల లెక్క చూపే పోర్ట్‌ఎర్‌షో కమాండ్ కొట్టి చూస్తే సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో డేటా చెడిపోయిన సందర్భాలు, వేలల్లో ఉన్నాయి. అవి పాతవో కొత్తవో తెలియదు కాబట్టి లెక్క చెరిపేసి 10 నిమిషాలు ఆగాను, మళ్లీ పెరుగుతున్నాయి. ఫైబర్ కొనకు దుమ్ము! అక్కడి అబ్బాయి చొక్కా అంచుతో తుడవబోయాడు, నోటితో ఊదేవాళ్లూ ఉన్నారు, రెండూ తప్పే. క్లీనింగ్ పెన్‌తో రెండు కొనలూ తుడిచాక అంకె కదలలేదు.

కార్డు మార్చినవాళ్లకు బిల్లు కట్టే ముందు, రద్దీ లేని వేళ చూసి, రెండో దారి కేబుల్ పీకించి పని నడుస్తోందో లేదో చూపించమనండి, ఐదు నిమిషాల పని. మీ విలేకరికి కూడా ఒక మాట చెప్పండి: ఈసారి సర్వర్ డౌన్ వార్త రాసేటప్పుడు, మరి రెండో దారి ఏమైందని అడగమనండి.

– ఒక స్టోరేజ్ టెక్నీషియన్, నల్లగొండ