తని ఆవర్తనంలో జారిన కళ్లజోడు

విజయవాడ
మే 18

ప్రియమైన మూర్తీ,

శుక్రవారం నాటి కచేరీ ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ మాట ఫోనులో చెప్పాను గానీ, మరో మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పాట ఆగి నీ మృదంగం మోగే తని ఆవర్తనం మొదలయ్యాక నేను నీ చేతుల కన్నా నీ ముక్కునే ఎక్కువగా చూశాను. రెండో వరుసలో కూర్చున్నాను కదా, అంతా కనిపించింది. చెమటకు కళ్లజోడు కొద్దికొద్దిగా దిగుతోంది. రెండు చేతులూ మృదంగం మీదే ఉన్నాయి, పైకి తోసుకునే వీలు లేదు. రెండుసార్లు తల వెనక్కి విసిరావు. మూడోసారి అది ముక్కు కొస దాకా వచ్చేసింది. తాళం వేస్తున్న గాయకుడి చెయ్యిని అద్దాల పై నుంచి చూడబోయి కళ్లు చిట్లించావు. సభలో ఇంకెవరూ గమనించి ఉండరు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ముప్పై ఏళ్లు సాధన చేసినవాడికి ఈ ఇబ్బంది ఎందుకురా?

ఆరో తరగతి నుంచి కళ్లజోడు పెట్టుకుంటున్నవాణ్ని, మైనస్ ఏడు పవరు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నీది చప్పిడి ముక్కు కాబట్టి జారుతుందని ఎప్పుడూ అంటావు. అసలు పట్టు ఉండేది చెవి దగ్గర. కాడ వంపు సరిగ్గా చెవి పైఅంచు దాటగానే మొదలై, చెవి వెనక ఎముకను ఆనుకొని కిందికి దిగాలి. నీ జోడులో ఆ వంపు చాలా వెనక ఉంది. చెవికీ వంపుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత దూరం జోడు ముందుకు వస్తుంది, వంపు చెవికి తగిలాకే ఆగుతుంది. అద్దం ముందు నిలబడి చెవి వెనక వేలు పెట్టి చూడు. వేలు పట్టిందంటే నేను చెప్పింది నిజమే.

చాలామంది చేసే పొరపాటు కాడలను లోపలికి వంచి బిగించడం. నాకూ ఒక దుకాణంలో అలాగే చేశారు. వారం రోజులు కణతలు నొప్పి పుట్టాయి, జోడు మునుపటి కన్నా ఎక్కువ జారింది. తల కణతల దగ్గర సన్నగా, చెవుల వైపు వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటుంది కదా. అక్కడ కాడలు నొక్కితే, తడి సబ్బుముక్కను వేళ్ల మధ్య నొక్కినట్టే, జోడు ముందుకే వస్తుంది. 1730 ప్రాంతంలో లండన్‌లో ఎడ్వర్డ్ స్కార్లెట్ అనే ఆయన కళ్లజోడుకు గట్టి కాడలు పెట్టి అమ్మాడు. అవి చెవుల దాకా వెళ్లేవి కావు, చుట్టలు తిరిగిన కొసలతో కణతలనే నొక్కేవి. అంతకు ముందు నాలుగు వందల ఏళ్లకు పైగా చాలామంది కళ్లద్దాలను చేత్తో పట్టుకోవడమో ముక్కు మీద నిలబెట్టుకోవడమో చేసేవారు. చెవి మీద ఆధారపడాలని తట్టడానికి ఎంత కాలం పట్టిందో చూడు.

చివరికి నా కష్టం తీర్చింది బీసెంట్ రోడ్డు దగ్గర చిన్న గదిలో కూర్చునే ఒక పెద్దాయన. నన్ను పక్కకు తిరగమని, జోడు కళ్ల ముందు సరిగ్గా నిలిపి, చెవి పైఅంచు తగిలే చోట కాడ మీద పెన్నుతో చుక్క పెట్టాడు. తరువాత కాడను వేడిగాలి యంత్రం ముందు తిప్పుతూ, పాత వంపును తిన్నగా సాగదీశాడు. మళ్లీ వేడిచేసి, చుక్క దగ్గర బొటనవేలు ఆనించి మెల్లగా వంచి, చన్నీళ్లలో ముంచాడు. రెండో కాడకూ అంతే. తల వంచమన్నాడు, అటూ ఇటూ ఊపమన్నాడు. జోడు కదలలేదు. ఆ క్షణం నాకు ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను. ఇంట్లో కొవ్వొత్తి మీద కాల్చి ప్రయత్నించకు. కొన్ని ప్లాస్టిక్‌లు వేడికి వంగవు, కొన్ని కాలిపోతాయి.

బరువు సంగతి కూడా చూడాలి. నా చిన్నప్పటి గాజు అద్దాలు ముక్కుకు రెండు వైపులా ఎర్రటి గుంటలు పెట్టేవి. మామూలు ప్లాస్టిక్ అద్దం గాజులో దాదాపు సగం బరువే. ఫ్రేము చిన్నదైతే ఇంకా తేలిక. నీ కాడ లోపలి వైపు 54, 18, 140 లాంటి అంకెలు ఉంటాయి చూడు. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లే. నీ ముఖానికి 54 పెద్దదని నా అనుమానం.

నీవి దూరానికీ దగ్గరికీ కలిపిన ప్రోగ్రెసివ్ అద్దాలు. అవి కిందికి జారితే చదివే భాగం ఇంకా కిందికి పోతుంది, దూరం చూసే భాగమూ తప్పిపోతుంది. అందుకే కచేరీకి వేరే జోడు చేయించుకో. దూరపు పవరు ఒక్కటే, చిన్న ఫ్రేము, ముక్కు దగ్గర సర్దుకునే మెత్తటి సిలికాన్ ప్యాడ్లు. కాడలకు రబ్బరు కొక్కేలు తొడిగితే తల ఎంత ఊపినా భయం లేదు, నల్లవైతే జుట్టులో కనిపించవు కూడా.

ఇంకొకటి. తలకు రాసుకున్న కొబ్బరినూనె కాడల మీదికి, అక్కడి నుంచి ప్యాడ్ల మీదికి పాకుతుంది. నీ పాత జోడు ప్యాడ్ల వెనక పచ్చటి చిలుము పట్టి ఉండటం పోయినసారే చూశాను. కచేరీకి ముందు గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి జోడు కడుగు. ముక్కు కూడా సబ్బుతో కడుక్కొని పొడిగా తుడుచుకో. వేడినీళ్లు వద్దు, అద్దం మీది పూత పాడవుతుంది.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ ఇక్కడే వాయిస్తున్నావు కదా. శనివారం పొద్దున్నే దిగు, ఆ పెద్దాయన పదింటికి గది తెరుస్తాడు. నీ కాడ మీది అంకెలేమిటో ముందుగా నాకు రాసి పంపు.

నీ
శంకరం