నాన్నా, ఆ ఫొటో సంగతి

లిమా,
పెరూ దేశం,
ఆదివారం రాత్రి

నాన్నా,

నేను బాగున్నాను. ఈ ఉత్తరం తమ్ముడికి పంపుతున్నా, వాడు నీకు చదివి వినిపిస్తాడు. ఒరేయ్, ఉన్నది ఉన్నట్టు చదువు. తొందరగా ముగించి బయటికి పోదామని మధ్యలో మింగెయ్యకు. అమ్మ వింటుంటే మాత్రం కుస్కోలో మొదటి రాత్రి ముక్క దాటెయ్.

ఇదంతా ఫోన్లో చెబుదామనే పొద్దున ఎయిర్‌పోర్టు నుంచి చేశాను నాన్నా. నువ్వు "సరేలే అమ్మా, పిల్లలన్నాక తిరగరా" అని ఫోను అమ్మ చేతికిచ్చేశావు. నీ "సరేలే" నాకు తెలియదా. డాబా కట్టించుకుని డబ్బులు ఎగ్గొట్టినాయనతో కూడా అదే గొంతుతో సరేలే అన్నావు.

పెద్దత్త ఏమందో తమ్ముడు చెప్పాడు. "తాత సంవత్సరీకం నాడు ముద్దుల మనవరాలు కొండెక్కి పళ్ళికిలిస్తోంది" అందట. అత్త అన్నదాంట్లో అబద్ధమేం లేదు. వెళ్ళాను, నవ్వాను, ఫొటో స్టేటస్‌లో పెట్టాను. కానీ టికెట్టు కొన్నప్పుడు ఆ రోజు సంవత్సరీకమని నాకు తెలియదు. నేను తేదీ పట్టుకుని కూర్చున్నా, మీరేమో తిథి ప్రకారం చేస్తారు. తిథి పదకొండు రోజులు ముందుకొచ్చింది. అమ్మ నాకు చెప్పింది పోయిన వారమేగా.

నేను వెళ్ళిన మాచు పిక్చు, వెనకటి ఇంకా జాతి రాజులు కొండ మీద కట్టించిన రాతి ఊరు, దాని టికెట్టు మన సినిమా టికెట్టులాంటిది కాదు. పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, లోపలికి వెళ్ళాల్సిన గంట కూడా దాని మీదే ఉంటాయి. గేటు దగ్గర పాస్‌పోర్టు తీసి చూపించాలి. రోజుకి ఇంతమందే అని లెక్క, అందుకని చాలా ముందే అయిపోతాయి. నేను ఏప్రిల్లో కొన్నాను. రైలు, వ్యాను, గైడు అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. తేదీ మార్చరా అని అడిగితే మార్చం, డబ్బూ తిరిగి రాదు అన్నారు. పోతే పోయిందని ఊరుకోవాల్సిందేమో. ఊరుకోలేకపోయాను.

ఇంకో లెక్క చెబుతా విను. మీకూ మాకూ పదిన్నర గంటల తేడా. నా వ్యాను వచ్చింది శనివారం తెల్లవారుజామున మూడింటికి. అప్పటికి మీకు శనివారం మధ్యాహ్నం ఒకటిన్నర. పిండాలు పెట్టడం అయిపోయి విస్తళ్ళు వేస్తూ ఉంటారు. అప్పటిదాకా నేను పడుకోలేదు నాన్నా. తమ్ముడు వీడియో కాల్ చేస్తాడని ఫోను ఛార్జింగ్‌కి పెట్టి పక్కనే కూర్చున్నా. చెయ్యలేదు. వాణ్ణి ఏమీ అనకు, వడ్డనలో ఉండి ఉంటాడు.

ఆఫీసు మామూలే. ప్రాజెక్టు డిసెంబరుతో అయిపోతుంది.

కుస్కో ఊరు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మన తిరుమల కొండకి నాలుగింతలు. లిమా ఏమో సముద్రం ఒడ్డు. గంటంబావు విమానంలో కూర్చుని ఒక్కసారిగా అంత ఎత్తులో దిగేసరికి ఒళ్ళు తట్టుకోలేకపోయింది. మొదటి రాత్రి తల పగిలిపోయింది, రెండుసార్లు వాంతి. నాలుగు మెట్లెక్కితే నాయనమ్మలా రొప్పాను. లాడ్జి ఆవిడ కోకా ఆకులు వేడినీళ్ళలో వేసి ఇచ్చింది. తమ్ముడూ, నువ్వు గూగుల్ చేసి అమ్మని భయపెట్టకు. ఆకు వేరు, దాన్నుంచి తీసే మత్తుమందు వేరు. ఇక్కడి ముసలివాళ్ళు మన తమలపాకులా బుగ్గన పెట్టుకుని పొలాలకి పోతారు. ఎండుగడ్డి నానబెట్టి తాగినట్టుంది, అంతే. మర్నాటికి లేచి తిరిగాను. అసలు మాచు పిక్చు కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు పల్లం, 2,430 మీటర్లే. పెద్దత్తకి ఆ మాట చెప్పు. నేను కొండ ఎక్కలేదు, దిగాను.

వ్యానులో రెండు గంటలు పోతే ఒల్లాంటాయ్‌తాంబో అనే ఊరు. అక్కణ్ణుంచి రైలు. ఉరుబాంబా నది పక్కనే, నీళ్ళు కిటికీలో పడతాయా అన్నంత దగ్గరగా, గంటా ముప్పావు. రైలు దిగాక బస్సు. కొండ మీదికి మెలికలు మెలికలుగా మట్టి రోడ్డు, ఒక పక్కన అడుగు కనపడని లోయ. నాకు ఆ పక్క కిటికీ వచ్చింది. శ్రీశైలం ఘాట్ రోడ్డు దీని ముందు నేషనల్ హైవే. అరగంటసేపు కళ్ళు మూసుకుని గోవిందా అనుకున్నాను.

గుంపులో పధ్నాలుగు మందిమి. గైడు నడివయసు మనిషి, ఇంట్లో మాట్లాడేది క్వెచువా భాష. మాచు అంటే ముసలి, పిక్చు అంటే కొండ శిఖరం, అందుకని ముసలికొండ అనుకోండి అన్నాడు. ముందు అందర్నీ మరుగుదొడ్డికి పంపించాడు, లోపల ఉండవట. పది మందిని వెంటేసుకుని తీర్థయాత్రకి తీసుకెళ్ళే పెద్దమనిషిలా ప్రతి మలుపు దగ్గరా తలలు లెక్కపెట్టుకున్నాడు. నేను వెనకబడ్డప్పుడల్లా "ఇండియా! ఇండియా!" అని పిలిచేవాడు.

పైనుంచి ఊరంతా కనిపించే చోటు గురించి నేనేం రాయను, అది క్యాలెండర్ల మీద నువ్వు చూసిందే. మబ్బు తొలిగింది, అందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను చూసింది గోడలు.

తెల్ల గ్రానైటు నాన్నా. రాయి ఎక్కణ్ణుంచో తేలేదు, ఆ కొండలోనే క్వారీ ఉంది, సగం పగలగొట్టి వదిలేసిన బండలు ఇంకా అక్కడే పడున్నాయి. కట్టిన ఇంకాల దగ్గర ఇనుము లేదు. ఉక్కు ఉలి లేదు, బండి చక్రం వాడలేదు. గట్టి రాతితో రాతిని కొట్టి, ఇసుక పెట్టి రుద్ది, పక్క రాయి వంపుని బట్టి ఈ రాయికి వంపు తీశారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి కూర్చుంది. అన్నీ అలాగే ఉన్నాయా అని నువ్వు అడుగుతావని తెలుసు. లేవు. గుడులకీ రాజు గదులకీ అంత నునుపు. మామూలు వాళ్ళ ఇళ్ళు మట్టి పెట్టి, మన ఊళ్ళో దొడ్డిగోడ కట్టినట్టే కట్టారు. కిటికీలు, గుమ్మాలు కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. గోడలు కూడా లోపలికి వాలి ఉంటాయి. ఇక్కడ భూకంపాలు ఎక్కువ, అందుకని అలా.

1400ల మధ్యలో పచకూతి అనే రాజు కట్టించాడంటారు. మన కొండవీడు కోట అంతకంటే పాతది. నేను ఆ మాట గైడుతో అంటే నమ్మలేదు.

ఇంకోటి. ఆ కొండ మీద ఏడాదికి రెండు మీటర్ల వాన. కొండ పక్కలన్నీ మెట్లుమెట్లుగా చేలు. ఒక్కో మెట్టు గోడ వెనక అడుగున పెద్దరాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక, అన్నిటికీ పైన మట్టి. పడ్డ నీరు పడ్డట్టు కిందకి దిగిపోవాలి. వాళ్ళు పడ్డ కష్టంలో సగం పైగా భూమి లోపలే ఉండిపోయింది, పైకి కనపడదని గైడు చెప్పాడు. "ముందు వాన ఎటు పోద్దో చూసి తర్వాత ముగ్గు పొయ్యి" అనేవాడు కదా తాత. నాకు చెవిలో అదే వినపడింది.

ఇక ఫొటో సంగతి. అంత పనిమంతులు కట్టిన చోట పెద్ద గుడి ఒకటుంది, మూడు గోడలే. దాని వెనక గోడ ఒక మూల కుంగింది. పై రాళ్ళు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, మధ్యలో చెయ్యి పట్టేంత సందులు. రాతిపనిలో తప్పు లేదు, అడుగున నేల కుంగింది అన్నాడు గైడు. నాకు నవ్వొచ్చేసింది. తాత ఉంటే చేతులు వెనక్కి కట్టుకుని, తల పక్కకి వంచి, "పునాది వేసిన మేస్త్రీ ఎవరండీ?" అనేవాడు. పెద్దత్త పెళ్ళి మాటలకి వెళ్ళి మామయ్యవాళ్ళ వరండా మూల చూసి అందరి ముందూ అన్నది ఆ మాటే కదా! సంబంధం తప్పిపోయేదని అత్తే వందసార్లు చెప్పింది. ఆ నవ్వు అలాగే ఉండగా పక్కన ఉన్న బ్రెజిల్ అమ్మాయి నా ఫోనుతో ఫొటో తీసింది. వెనకాల చూడు, నా భుజం పక్కన ఆ కుంగిన మూల కనపడుతుంది. అత్తకి పెద్దది చేసి చూపించండి.

తర్వాత ఒక గోడ దగ్గర ఎవరూ చూడట్లేదనుకుని అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి లాగాను, తాత లాగినట్టు. గోరు ఎక్కడా ఆగలేదు. వెంటనే ఈల. కాపలావాడు. గైడు వచ్చి సారీ చెప్పాడు, నేనూ చెప్పాను. అందరూ నావైపు చూశారు. గోడలు ముట్టుకోకూడదు, నాకు తెలుసు, తప్పే.

1911లో హైరమ్ బింగ్‌హామ్ అనే అమెరికా ఆయన వచ్చి ప్రపంచానికి చెప్పాడట. కనిపెట్టాడు అని రాస్తారు. ఆయన వచ్చేసరికే ఆ మెట్ల మీద రైతు కుటుంబాలు పంటలు వేసుకుంటున్నాయి, వాళ్ళ పిల్లవాడే చెయ్యి పట్టుకుని శిథిలాలన్నీ తిప్పి చూపించాడు. కనిపెట్టడమేంటో నాకు అర్థం కాలేదు. అప్పుడు మన నాగార్జునకొండ గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు తాత లాంచీలో తీసుకెళ్ళాడు చూడు. లాంచీ మధ్యలో ఆపి నీళ్ళలోకి వేలు చూపించి, "ఊరంతా ఈ కింద ఉంది, రాళ్ళు కొన్ని పైకి మోసుకొచ్చి పేర్చారు" అన్నాడు. ఎందుకు మునిగింది తాతా అంటే, "మేం కట్టాంగా" అన్నాడు. సాగర్ డ్యాంకి రాళ్ళు పేర్చిన చేతులు కదా. గర్వంగా అన్నాడో బాధగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఇక్కడేమో మాచు పిక్చు, ఈ దేశాన్ని ఆక్రమించిన స్పెయిన్ వాళ్ళ కంట పడకుండా కొండ మీద ఉండిపోయింది.

అమ్మా, తిండి గురించి బెంగపడకు. బంగాళాదుంప పుట్టిల్లు ఇదే. ఎర్రవి, నల్లవి, వేలి సైజువి, ఎన్ని రకాలో. మొక్కజొన్న గింజ ఒక్కోటి మన రూపాయి బిళ్ళంత. కుందేలుకీ ఎలుకకీ మధ్యగా ఉండే ఒక జంతువుని కూడా వేయించి పెడతారు. నేను తినలేదు. ఫొటోలో మొహం పీక్కుపోయిందన్నావు, అది నిద్ర లేక.

ఇప్పుడు అసలు విషయం. ఒరేయ్, ఇక్కడ గట్టిగా చదువు, నీకు లాభమే.

తాత ఫొటో ముందు తాపీ, రసమట్టం పెట్టారట, గోడ నిలువు చూసే ఇత్తడి గుండు మాత్రం దొరకలేదట. పాత సామాన్లవాడికి వేసుంటావని అమ్మ తమ్ముణ్ణి తిట్టిందట. వాడు వెయ్యలేదు. నా దగ్గరుంది. పెద్దకర్మ అయ్యాక నేను బయల్దేరిన రోజు మెట్ల కింద పెట్టెలోంచి తీసి సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకున్నాను. అడిగితే ఇచ్చేవాడివే. అడగాలనిపించలేదు. ఏడాదిగా లిమాలో నా గదిలో కిటికీ కొక్కేనికి వేలాడుతోంది. కుస్కోకి కూడా తీసుకెళ్ళాను. ఎయిర్‌పోర్టు చెకింగులో బ్యాగు ఆపి, బయటికి తీసి అటూ ఇటూ తిప్పి, ఇద్దరు ముగ్గురు చూశారు. నాకు చెమటలు. చివరికి ఒక ముసలాయన అరచేతిలో బరువు చూసి "ప్లొమాదా" అని నవ్వి ఇచ్చేశాడు. స్పానిష్‌లో గుండుని అలా అంటారు. ఆయనో, వాళ్ళ నాన్నో మేస్త్రీ అయ్యుంటారు.

మాచు పిక్చులో అది బ్యాగులోనే ఉంది, ఈల దెబ్బకి తీసే ధైర్యం లేకపోయింది. రాత్రి పదింటికి తిరిగి కుస్కో వచ్చాం. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళకి కింద సగం ఇంకాల రాతిగోడ, పైన సగం స్పెయిన్ వాళ్ళు కట్టిన సున్నం గోడ. మా లాడ్జికి పోయే సందు కూడా అంతే. చలి, ఒక్క మనిషి లేడు. గుండు తీసి దారం వదిలాను. చేతులు వణుకుతున్నాయి, అది ఊగడం ఆగడానికి చాలాసేపు పట్టింది. కింద గుండు రాతిని ఆనుకుంది. పైన నా చెయ్యెత్తు దగ్గర దారానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాయి. కింది నుంచి పైదాకా అదే వాలు. రెండు గజాలు జరిగి మళ్ళీ చూశాను. నాలుగు వేళ్ళే. మళ్ళీ జరిగి చూశాను, నాలుగు వేళ్ళే నాన్నా. పైన సున్నం గోడ మాత్రం ఉబ్బి ఉంది.

అప్పుడు ఏడ్చాను. రోజంతా రాలేదు, అప్పుడొచ్చింది. అత్తకి ఇది చెప్పొద్దు, నీకు చెబుతున్నా.

డిసెంబరులో గుండు తెస్తాను. దారం ఒకచోట పీచు లేచింది, మార్చలేదు. పైన చెక్కకి వేసిన ముడి తాతదే, నాకు ఆ ముడి రాదు. నీకు వచ్చేమో చూడు.

మోకాలికి నూనె రాయడం మానొద్దు. సారవ ఎక్కకు, కుర్రాళ్ళున్నారుగా.

నీ
చిట్టి

అమ్మా, ఆవకాయ అడుగుకొచ్చింది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే చూడు. లిమాలో నెల్లాళ్ళుగా ఎండ లేదు, ఉతికిన బట్టలు ఆరట్లేదు.